టాక్‌హెడ్ తొలి సింగిల్స్ మళ్లీ రావాలంటే లేబుల్‌కి ఎలా రాయాలి

టాక్‌హెడ్ అనే బ్యాండ్ మొదట్లో వేసిన పన్నెండు అంగుళాల సింగిల్స్ మళ్లీ వినైల్ మీద రావాలని కోరుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఎక్కువమంది "దయచేసి రీఇష్యూ చేయండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ ముక్క చదివినవాళ్లకి తర్వాత ఏం చేయాలో తెలియదు. ఏ పాట, ఏ మిక్స్, టేపు ఎక్కడుంది, హక్కు ఎవరిది, ఎంతమంది కొంటారు? ఈ ప్రశ్నలకి మీకు చేతనైనంత జవాబు సిద్ధం చేసి పంపితేనే ఆ కోరిక ఒక పనిగా మారుతుంది. నాది తెనాలి, ఉంటున్నది బ్రిస్టల్‌లో. పాత టేపుల్ని డిజిటల్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. అందుకని ఇలాంటి ఉత్తరాలు అవతలివాళ్లకి ఎలా కనిపిస్తాయో దగ్గర్నుంచి చూశాను.

ఈ బృందం తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. డ్రమ్స్ కీత్ లెబ్లాంక్, బేస్ డగ్ వింబిష్, గిటార్ స్కిప్ మెక్‌డొనాల్డ్. ముగ్గురూ అమెరికాలో షుగర్ హిల్ రికార్డ్స్‌కి వాయించినవాళ్లు. తొలినాటి ర్యాప్ రికార్డుల వెనక వినిపించే వాయిద్యంలో చాలా భాగం వీళ్లదే. 1983లో లెబ్లాంక్ డ్రమ్ మెషీన్ మీద మాల్కం ఎక్స్ ప్రసంగాల ముక్కలు పేర్చి 'నో సెల్ అవుట్' చేశాడు. ఆ తర్వాత ఈ ముగ్గురూ లండన్‌లో ఆన్-యు సౌండ్ లేబుల్ నడిపే ఏడ్రియన్ షెర్‌వుడ్‌తో కలిశారు. షెర్‌వుడ్ వాయించేది మిక్సింగ్ బోర్డు. జమైకాలో కింగ్ టబీ లాంటివాళ్లు పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్స్‌నీ బేస్‌నీ మిగిల్చి, వాటికి ఎకో తగిలించి డబ్ అనే పద్ధతి తయారుచేశారు. షెర్‌వుడ్ ఆ పద్ధతిని పట్టుకుని, లెబ్లాంక్ కొట్టే బండ డ్రమ్ముల మీద రాజకీయ నాయకుల మాటలూ, టీవీ గొంతులూ, యంత్రాల మోతా చల్లాడు. ఇండస్ట్రియల్ డబ్ అంటే ఏమిటని అడిగితే నేను టాక్‌హెడ్ సింగిల్ 'మైండ్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ది టెథర్' పెట్టి వినిపిస్తాను. 1989లో వచ్చిన నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ బ్యాండ్ తొలి ఆల్బమ్ నిర్మాతల్లో షెర్‌వుడ్, లెబ్లాంక్ పేర్లు కూడా ఉన్నాయి. ఆ ఆల్బమ్ నచ్చినవాళ్లు వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే ఈ సింగిల్స్ దగ్గరకే చేరతారు.

మొదటి పని జాబితా. ఇది తేలిక అనిపిస్తుంది కానీ టాక్‌హెడ్ విషయంలో కాదు. ఇదే మనుషులు ఫ్యాట్స్ కామెట్ పేరుతో రికార్డులు వేశారు, గాయకుడు మార్క్ స్టీవర్ట్ వెనక మాఫియా పేరుతో వాయించారు, మా బ్రిస్టల్ మనిషి గ్యారీ క్లెయిల్‌తో కలిసి టాక్‌హెడ్ సౌండ్ సిస్టమ్ అయ్యారు. ఒకే రిథమ్ ట్రాక్ రెండు మూడు పేర్ల కింద తిరిగిన సందర్భాలున్నాయి. అందుకని "తొలి సింగిల్స్ అన్నీ" అని రాయకండి. ఒక్కో రికార్డుకీ లేబుల్ పేరు, కేటలాగ్ నంబర్, రెండు వైపులా ఉన్న మిక్స్‌ల పేర్లు, ఒక్కో మిక్స్ నిడివి, తిరిగే వేగం, చివరి గాడి పక్కన మైనం లాంటి నల్లటి ఖాళీలో చెక్కిన అక్షరాలు రాసుకోండి. ఆ చెక్కిన అక్షరాలు ముఖ్యం. ఏ కటింగ్ నుంచి ఆ కాపీ వచ్చిందో చాలాసార్లు అవే చెబుతాయి. రికార్డు మీ దగ్గర లేకపోతే డిస్కాగ్స్‌లో (రికార్డుల వివరాలు పెట్టే, కొని అమ్మే వెబ్‌సైట్) పెట్టిన ఫోటోలు చూడండి. అక్కడ టైప్ చేసిన వివరాల కంటే ఫోటోనే నమ్మండి.

తర్వాత ఆ జాబితాలోంచి ఇప్పటికే వచ్చినవి కొట్టేయాలి. 1990ల్లో పవర్ ఇంక్ పేరుతో వచ్చిన సీడీల్లో పాత సరుకు చాలా ఉంది. సీడీ మీద ఉన్నది సింగిల్ మీద ఉన్న మిక్సేనా కాదా అన్నది చెవితో, గడియారంతో తేల్చుకోండి. పేరు ఒకటే ఉండి మిక్స్ వేరే ఉండటం ఈ బృందం దగ్గర మామూలే. కొట్టేయగా మిగిలిందే మీ అసలు కోరిక. నలభై పాటలు అడిగేవాడి కంటే, ఎక్కడా దొరకని ఆరు మిక్స్‌లు నిడివితో సహా అడిగేవాడికి జవాబు రావడం నేను చూశాను.

ఇక హక్కులు. రికార్డు నడిమధ్య కాగితం మీద గుండ్రంలో పీ అక్షరం, పక్కన సంవత్సరం, పేరు ఉంటాయి. రికార్డింగ్ ఎవరిదో చెప్పేది అది. గుండ్రంలో సీ అక్షరం అట్టమీది బొమ్మకీ రాతకీ సంబంధించింది. పాట రాసిన హక్కు మూడోది, అది పబ్లిషర్ దగ్గర ఉంటుంది. అభిమానులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆన్-యు మీద వచ్చిన సింగిల్ గురించి ఆన్-యుకి రాయాలి, సరే. కానీ 1987 నాటి 'ది గేమ్' ఐలండ్ అనే రికార్డు కంపెనీ వాళ్ల ఫోర్త్ అండ్ బ్రాడ్‌వే లేబుల్ మీద వచ్చింది. ఐలండ్‌ని 1989లో పాలీగ్రామ్ కొంది, పాలీగ్రామ్ 1998లో యూనివర్సల్‌లో కలిసింది. అప్పట్లో జరిగింది అమ్మకమా, కొన్నేళ్ల లైసెన్సా అన్నది ఆ కాంట్రాక్టు కాగితాల్లోనే ఉంటుంది, బయటివాళ్లం ఊహించకూడదు. మన ఉత్తరంలో "ఈ రికార్డు మీద ఇలా అచ్చయి ఉంది" అని ఫోటో జతచేస్తే చాలు. చిన్న లేబుల్‌కి రాసేటప్పుడు వాళ్ల సొంత ముద్రతో వచ్చిన సింగిల్స్‌ని ముందు పెట్టండి, వేరే కంపెనీ మీద వచ్చినవి విడిగా చివర్లో రాయండి. లేకపోతే ఆ ఒక్క చిక్కు వల్ల మొత్తం ఫైలు పక్కకి పోతుంది.

బ్రిటన్ చట్టంలో ఒక సంగతి తెలిసుండటం మంచిది. 2013 నవంబర్ నుంచి అక్కడ రికార్డింగ్ హక్కు 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకి పెరిగింది. దానితోపాటే వాద్యకారులకి ఒక వెసులుబాటు ఇచ్చారు. 50 ఏళ్లు దాటాక కూడా కంపెనీ ఆ రికార్డుని తగినన్ని కాపీల్లో అందుబాటులో ఉంచకపోతే, వాద్యకారులు నోటీసు ఇవ్వొచ్చు. ఏడాదిలోగా కంపెనీ దాన్ని బయటికి తేకపోతే హక్కు వెనక్కి తీసుకోవచ్చు. 1985లో వచ్చిన సింగిల్‌కి ఆ 50 ఏళ్లు 2035 చివరికి గానీ నిండవు. కాబట్టి ఇప్పుడు రాసే ఉత్తరంలో చట్టం పేరు ఎత్తకండి, అది బెదిరింపులా వినిపిస్తుంది తప్ప పనికి రాదు. మన దేశంలో రికార్డింగ్ హక్కు 60 ఏళ్లు. పాత తెలుగు నాటకాల రికార్డుల కోసం తిరిగే మిత్రులు ఆ లెక్క వేరేగా చూసుకోవాలి.

రీఇష్యూ ఆగిపోవడానికి డబ్బు ఒక్కటే కారణం అనుకుంటాం. ఈ బృందం విషయంలో అరువు గొంతులు కూడా అంతే పెద్ద కారణం కావచ్చు. ఈ పాటలు వచ్చిన రోజుల్లో టీవీలోంచీ సినిమాల్లోంచీ ముక్కలు తీసుకోవడానికి చాలామంది అనుమతి అడిగేవాళ్లు కాదు. 1991లో న్యూయార్క్ కోర్టు ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో తీర్పిచ్చాక ఆ కాలం ముగిసింది. ఇవాళ అదే పాట మళ్లీ అచ్చువేయాలంటే లేబుల్ వకీలు ప్రతి ముక్కా ఎక్కడిదో అడుగుతాడు. ఇక్కడ మీ చెవి సాయపడగలదు. ఏ నిమిషంలో ఏ గొంతు ఉందో, అది ఎక్కడిదని మీకు తెలుసో ఒక కాగితం మీద వేసి పెట్టుకోండి. కానీ దాన్ని నలుగురికీ కనిపించేలా ఎక్కడా పెట్టకండి. అడిగితే లేబుల్‌కి మాత్రమే ఇవ్వండి. అభిమానం కొద్దీ తయారుచేసిన జాబితా కోర్టులో సాక్ష్యం కాకూడదు.

టేపు సంగతి నాకు ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువ చెబుతాను. 1970ల చివరి నుంచి 80ల దాకా స్టూడియోల్లో బాగా వాడిన యాంపెక్స్ 456 లాంటి టేపుల్లో, అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ టేపు బంకగా తయారై, మెషీన్ మీద పెడితే కీచుమంటుంది, హెడ్‌కి గోధుమరంగు మడ్డి అంటుతుంది. అలాగే తిప్పితే పాట ఊడి వచ్చేస్తుంది. అందుకని దాన్ని ముందు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి నెమ్మదిగా వేడిచేయాలి. అప్పుడు కొన్ని వారాలపాటు మళ్లీ ఆడుతుంది. ఆ వ్యవధిలో ఎక్కించేసుకోవాలి. దీనికి మనిషి కావాలి, ఖర్చు అవుతుంది, అందుకే లేబుల్ ఒక్క పాట కోసం ఇది మొదలుపెట్టదు. ఒకే విడతలో చాలా టేపులు వేడిచేసే అవకాశం ఉన్నప్పుడే మొదలుపెడుతుంది. ఆన్-యు ఈమధ్య ఒక్కో బృందాన్ని తీసుకుని పెట్టెలుగా (బాక్స్ సెట్లుగా) వేస్తోంది. 2020లో ఆఫ్రికన్ హెడ్ ఛార్జ్, 2021లో న్యూ ఏజ్ స్టెపర్స్ అలాగే వచ్చాయి. కాబట్టి "ఆ ఒక్క సింగిల్ వేయండి" అనడం కంటే "టాక్‌హెడ్, ఫ్యాట్స్ కామెట్ సింగిల్స్‌ని ఒక పెట్టెగా వేయండి" అని అడగడం వాళ్ల పద్ధతికి సరిపోతుందని నా నమ్మకం.

టేపు పోయి ఉండొచ్చు కూడా. అప్పుడు శుభ్రమైన రికార్డు కాపీ నుంచే మాస్టర్ చేస్తారు, చాలా రీఇష్యూలు అలాగే వచ్చాయి. మీ దగ్గర అరగని కాపీ ఉంటే ఉత్తరంలో తప్పకుండా చెప్పండి. ఎక్కించి పంపమంటే, రికార్డుని తడితో కడిగి ఆరబెట్టి, మంచి సూదితో, 24 బిట్ 96 కిలోహెర్ట్జ్‌లో తీయండి. చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దు. ఈ సింగిల్స్‌లో డ్రమ్ దెబ్బ అంచు ఎంత పదునుగా ఉంటుందంటే, ఆ సాఫ్ట్‌వేర్ దాన్నీ గీతే అనుకుని కోసేస్తుంది. ఆ శుభ్రం చేసే పని మాస్టరింగ్ మనిషి చేత్తో చేస్తాడు.

కొనేవాళ్ల లెక్క. చాలా ప్రెస్సింగ్ ప్లాంట్లు 300 లేదా 500 కాపీలకి తక్కువ తీసుకోవు. "ప్రపంచమంతా ఎదురుచూస్తోంది" అన్న మాటకి విలువ లేదు. డిస్కాగ్స్‌లో ఆ రికార్డు ఎంతమంది దగ్గర ఉంది, ఎంతమందికి కావాలి, ఇటీవల ఎంతకి అమ్ముడైంది అన్న మూడు అంకెలూ తేదీతో రాయండి. తర్వాత మీకు తెలిసిన కొనేవాళ్లని కనుక్కోండి: ఏ దేశం, విడి సింగిలా పెట్టెనా, ఎంత ధర దాకా పెడతారు. ఇండియా నుంచి కొనేవాళ్లకి పోస్టేజీ, కస్టమ్స్ కలిపితే రికార్డు ధరని దాటిపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల కోసం డిజిటల్ కూడా అడగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఉత్తరం ఇంగ్లీషులోనే రాస్తారు కదా, అందులో ఉండాల్సింది ఇంతే:

"నమస్కారం. మీ లేబుల్ మీద వచ్చిన ఈ ఆరు మిక్స్‌లు ఇప్పుడు ఏ రూపంలోనూ దొరకడం లేదు. కేటలాగ్ నంబర్లు, నిడివి, రికార్డు నడిమధ్య కాగితం ఫోటోలు జతచేశాను. వీటి టేపులు మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే నా దగ్గర మంచి కాపీలున్నాయి, మీకు పంపగలను. కొంటామని ధరతో సహా చెప్పినవాళ్ల పట్టిక కింద ఉంది. పెట్టెగా వస్తే బాగుంటుందని మా అభిప్రాయం. మీ సమయానికి కృతజ్ఞతలు."

అంతకంటే పొడుగు వద్దు. మీ చిన్ననాటి కథ వద్దు. యాభై మంది చేత ఒకే ఉత్తరం పంపించొద్దు, చిన్న లేబుల్‌లో వాటిని చదివేది ఒకరో ఇద్దరో. ఏప్రిల్‌లో రికార్డు షాపుల పండగ లాంటి రికార్డ్ స్టోర్ డే ముందూ, క్రిస్మస్ ముందూ రాయకండి. జవాబు రాకపోతే కొన్ని నెలలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. నేను ఒక లేబుల్‌కి రాసింది (పేరు చెప్పను, ఈ బృందానిదీ కాదు) ఏడాది పైగా పలకలేదు, ఆ తర్వాత ఒక రోజు నేరుగా "ఆ కాపీ ఇంకా ఉందా" అని మెయిల్ వచ్చింది. ఫైలు ఎక్కడో ఉంటుంది. వాళ్లకి తీరిక దొరికినప్పుడు చేతికి తగిలేలా రాసి ఉండాలి.

వాద్యకారులకి నేరుగా రాయొచ్చా అని అడుగుతుంటారు. రాయొచ్చు, మర్యాదగా, ఒక్క ప్రశ్నతో. కానీ కీత్ లెబ్లాంక్ 2024లో పోయాడు, మార్క్ స్టీవర్ట్ 2023లో. ఏ డబ్బాలో ఏ మిక్స్ ఉందో జ్ఞాపకం ఉన్నవాళ్లు తగ్గిపోతున్నారు. నాకు దీని మీద తొందర ఉన్నది అందుకే. టేపు డబ్బా మీద పెన్సిల్ రాత అర్థం చేసుకోగలిగిన మనిషి బతికుండగా టేపు విప్పడం వేరు, తర్వాత విప్పడం వేరు. వాళ్ల కుటుంబాల జోలికి మాత్రం వెళ్లకండి, ఆ మాట లేబుల్ మాట్లాడుకుంటుంది.

ఎవరో దొంగ ప్రెస్సింగ్ వేస్తే కొనకండి. ఆ మూడు వందల మంది అక్కడ కొనేస్తే అసలు లేబుల్‌కి కొనేవాళ్లు మిగలరు.

లేబుల్ ఒప్పుకుని ప్రీ-ఆర్డర్ తెరిస్తే, మొదటి రోజే, వాళ్ల సొంత షాపులోనే కొనండి. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ వాటా పోదు, ఎన్ని కాపీలు వేయాలో తేల్చుకునేది కూడా ఆ మొదటి రోజుల ఆర్డర్లు చూసే. పట్టికలో పేరు ఇచ్చినవాళ్లందరికీ ఆ లింకు మీరే పంపండి, కొన్నారో లేదో అడగండి.