ఇంటి లోపల ఎల్‌ఈడీ వెలుగులో మొక్కలు పెంచడం ఎలా?

కిటికీ వెలుగు చాలని గదిలో మొక్కలు పెంచదలచినవారు దీపం కొనడానికి ముందే ఏ మొక్కలు పెంచాలో తేల్చుకోవాలి. పుదీనా, లెట్యూస్ వంటి ఆకు మొక్కలకు ఒక మోస్తరు వెలుగు సరిపోతుంది; టమాటా, మిరప వంటి కాయ మొక్కలకు అంతకు రెండు మూడు రెట్లు కావాలి కనుక మొదట ఆకు మొక్కలతో ప్రారంభించడమే మేలు.

దీపాన్ని ఎంచుకునేటప్పుడు పెట్టె మీద ముద్రించిన ల్యూమెన్లను బట్టి నిర్ణయానికి రాకూడదు. వెలుగు మనిషి కంటికి ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెప్పే కొలత అది. మొక్క కిరణజన్య సంయోగక్రియకు ప్రధానంగా వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉండే కాంతిని. ఆ కాంతి చదరపు మీటరుపై సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ (కాంతి కణాలను లెక్కించే ప్రమాణం) పడుతుందో తెలిపే పీపీఎఫ్‌డీ విలువను, దానిని ఎంత దూరంలో కొలిచారో కూడా చూసి, ఆకు మొక్కలకు సుమారు 200 అందించగల దీపాన్ని తీసుకోవాలి. ఎరుపు, నీలం కలిసిన ఊదా దీపాలు తప్పనిసరి కావు. తెల్లని ఎల్‌ఈడీలోనూ ఆ రెండు రంగులూ ఉంటాయి, పైగా అందులోని ఆకుపచ్చ కాంతి ఆకు లోపలి పొరల దాకా చొచ్చుకుపోతుంది. ఊదా వెలుగులో ఆకు పసుపుబారినా, పురుగు పట్టినా సులువుగా గుర్తుపట్టలేము. నిత్యం మొక్కలను చూసుకునేవారికి ఇది చిన్న ఇబ్బందేమీ కాదు.

తయారీదారు వేరే దూరం సూచించకపోతే దీపాన్ని చిగుళ్లకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున, పైకీ కిందికీ జరపగలిగేలా వేలాడదీయాలి. తరువాత ఎత్తును సరిచేయవలసింది మొక్కను చూసే. కాడలు సన్నగా సాగి, కణుపుల మధ్య ఎడం పెరుగుతుంటే దీపాన్ని దించాలి. పై ఆకులు తెల్లబారినా, అంచులు ముడుచుకున్నా పైకి జరపాలి.

ఆకు మొక్కలకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు ఇవ్వాలి, దీనికి టైమర్ తప్పనిసరి అనే చెప్పవచ్చు. పీపీఎఫ్‌డీ 200 ఉన్న దీపం 16 గంటలు వెలిగితే చదరపు మీటరుకు దాదాపు 11.5 మోల్స్ (ఒక మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్స్) కాంతి అందుతుంది. దీపం కొంత బలహీనమైనదైతే గంటలు పెంచి ఆ లోటు పూడ్చవచ్చు, అయితే రాత్రి లేకుండా చేయకూడదు. నిరంతర వెలుగులో టమాటా ఆకులు పాలిపోతాయి, చామంతికైతే దీర్ఘమైన రాత్రి లేనిదే మొగ్గ రాదు.

ఎండలో ఆరినంత త్వరగా ఎల్‌ఈడీ కింద మట్టి ఆరదు కనుక, రోజు లెక్కన కాక, పై మట్టిని వేలితో తాకి, పొడిగా ఉన్నప్పుడే నీరు పోయాలి. ఆ నీరు దీపపు విద్యుత్ తీగ వెంట జారి ప్లగ్గులోకి చేరకుండా, తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా అమర్చుకోవాలి.