తాగుడు, మత్తుమందుల వాడకంపై సర్వే ఎలా చేయాలి?

ముందు ఏది లెక్కిస్తున్నారో తేల్చుకోండి. ఎప్పుడైనా ఒక్కసారి వాడినవారా, గత 12 నెలల్లో వాడినవారా, గత 30 రోజుల్లో వాడినవారా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు సంఖ్యలు వస్తాయి.

తర్వాత గ్రామాలను, వార్డులను, ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకోవాలి. ఇంట్లో ఎవరిని అడగాలన్నదీ లాటరీయే చెప్పాలి. తలుపు తీసినవారినే అడిగితే, పగలు ఇంటిపట్టున ఉండేవాళ్ల లెక్కే మిగులుతుంది. ఎంపికైన మనిషి పనికి వెళ్తే సాయంత్రం మళ్లీ వెళ్లండి.

అసలు కష్టమంతా ప్రశ్నలోనే ఉంది. "మీకు తాగే అలవాటుందా?" అంటే చాలామంది లేదనేస్తారు. "పండక్కో ఫంక్షన్‌కో కల్లు తీసుకున్నారా? బీరు? సారా?" అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మద్యం తీసుకుంటామన్న మహిళలు తెలంగాణలో 6.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం. పక్కన అత్తగారో భర్తో ఉంటే ఇలాంటి ప్రశ్నకు నిజం రాబట్టడం కష్టం. అందుకే విడిగా కూర్చోబెట్టి, వీలైతే మహిళల చేతే అడిగించాలి.

ఎంత తాగారో జనం కొలతల్లోనే రాసుకోండి. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం బీరు 650 మి.లీ. సీసాలో 26 గ్రాములు. కల్లు అలా తేలదు. పొద్దున దించింది మధ్యాహ్నానికి పులిసి ఘాటెక్కుతుంది కాబట్టి ఎప్పుడు తాగారో కూడా అడగాలి. తాగుడు సమస్యగా మారిందో లేదో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పది ప్రశ్నల 'ఆడిట్', మత్తుమందులకైతే 'అసిస్ట్' అనే ప్రశ్నావళులు ఉన్నాయి.

సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు ఇంటింటి సర్వేకు సరిగా చిక్కరు. మత్తుపదార్థాల వాడకంపై 2018లో జరిగిన జాతీయ సర్వేలో 2,00,111 ఇళ్లకు వెళ్లడంతో పాటు, మత్తుమందులకు బానిసైన 72,642 మందిని విడిగా కలిశారు. ఒకరికి కొన్ని కూపన్లిచ్చి, వాళ్ల ద్వారా తోటివాళ్లను రప్పించే పద్ధతి అది. ఇలా వచ్చినవారిలో పదో వంతు మంది ఈ ఏడాది ఫలానా డీఅడిక్షన్ సెంటర్‌కు వెళ్లామన్నారనుకుందాం. ఆ సెంటర్ రిజిస్టర్‌లో ఈ ఏడాది అలాంటివారు 200 మంది ఉంటే, ఆ 200 మొత్తంలో పదో వంతు కాబట్టి, ఆ ప్రాంతంలో ఉన్నది సుమారు 2,000 మంది అన్నమాట.

ఫారంపై పేరు, ఫోన్ నంబరు రాయొద్దు. పోలీసులకు చేరుతుందేమోనన్న భయం పోకపోతే నిజం బయటకు రాదు. లేచి వచ్చే ముందు 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరున్న చీటీని, తాగనన్నవారితో సహా అందరికీ ఇవ్వండి.