అణు స్థలాల భూగర్భ జల మోడల్: అనిశ్చితిని ఎలా లెక్కకట్టాలి

అమెరికాలో కొలంబియా నది ఒడ్డున ఉన్న హాన్‌ఫర్డ్ 300 ఏరియాలో అణు ఇంధనం తయారయ్యేది. అక్కడ భూగర్భ జలంలో కలిసిన యురేనియం 3 నుంచి 10 ఏళ్లలో దానంతటదే తగ్గుతుందని 1990లలో అంచనా వేశారు. తగ్గలేదు. నది పొంగినప్పుడల్లా నీటిమట్టానికి పైనున్న మట్టి తడిసి, అందులో పట్టి ఉన్న యురేనియం మళ్లీ నీటిలోకి దిగుతోంది. ఆ దారి మోడల్‌లో (భూగర్భ జలం, కాలుష్యం కదలికను లెక్కకట్టే కంప్యూటర్ నమూనాలో) లేనప్పుడు పారామీటర్లను (అందులో వేసే విలువలను) ఎంత సవరించినా సరైన జవాబు రాదు.

కాబట్టి ముందు భావన (నేల కింద ఏం జరుగుతోందన్న ఊహ) దగ్గరే కనీసం రెండు మూడు మోడళ్లు కట్టండి. ఒకదానిలో యురేనియం మట్టికి అంటుకునే గుణకం స్థిరంగా ఉంచండి, మరోదానిలో నీటి కార్బొనేట్‌ను బట్టి మారనివ్వండి, ఇంకోదానిలో పైమట్టి నుంచి దిగే యురేనియాన్ని చేర్చండి. ఒక్కోదాన్ని ఎంత నమ్ముతున్నారో కాలిబ్రేషన్‌కు (మోడల్‌ను కొలతలకు సరిపోయేలా సవరించడానికి) ముందే రాసిపెట్టండి. తర్వాత రాస్తే అదే డేటాను రెండుసార్లు లెక్కించినట్టే.

కాలిబ్రేషన్‌కు బోర్ల నీటిమట్టాలు మాత్రమే ఉంటే జాగ్రత్త. నిలకడ ప్రవాహంలో (కాలంతో మారని ప్రవాహంలో) రీఛార్జ్‌నూ (పైనుంచి ఇంకే నీటినీ) పారగమ్యతనూ (నేల నీటిని పోనిచ్చే గుణాన్నీ) రెట్టింపు చేసినా మట్టాలు అవే వస్తాయి, కాలుష్యం నదిని చేరే కాలం మాత్రం సగమవుతుంది. నదిలోకి ఊరే నీటి కొలతో, ట్రేసర్ పరీక్షో (నీటిలో గుర్తు పదార్థం కలిపి దాని కదలికను చూసే పరీక్ష) ఒకటి తప్పనిసరి.

అంటుకునే గుణకం ప్రభావం చూడండి: మట్టి సాంద్రత మిల్లీలీటరుకు 1.8 గ్రాములు, రంధ్రత (మట్టిలో ఖాళీల వంతు) 0.25 అనుకుంటే, గుణకం గ్రాముకు 1 మిల్లీలీటరైనప్పుడు యురేనియం నీటికన్నా 8.2 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. 0.1 అయితే 1.7 రెట్లే.

తర్వాత మోడళ్లకు బరువులు. సమాచార ప్రమాణంలో (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో, ఎంత సంక్లిష్టమో కలిపి చూపే స్కోరులో) తేడా 2 ఉంటే వెనకబడిన మోడల్ బరువు 0.37 వంతుకు, 10 ఉంటే 0.007 వంతుకు పడిపోతుంది. ఒకే బోరులో గంటగంటకూ తీసిన రీడింగులను విడివిడి సాక్ష్యాలుగా లెక్కిస్తే ఈ తేడా ఉబ్బిపోయి, ఒక్క మోడల్‌కే దాదాపు 100 శాతం బరువు దక్కుతుంది. సమీక్షల్లో మొదట వెతకాల్సిన తప్పు ఇదే. రీడింగుల మధ్య సంబంధాన్ని దోషాల లెక్కలో చేర్చండి. కొన్ని బోర్లను కాలిబ్రేషన్‌కు వాడకుండా పక్కన పెట్టి, మోడల్ వాటిని ఎంత దగ్గరగా చెబుతుందో చూడండి.

మోంటే కార్లోలో (విలువలను యాదృచ్ఛికంగా మారుస్తూ మోడల్‌ను ఎన్నోసార్లు నడిపే పద్ధతిలో) పారగమ్యతను లాగ్ (లాగరిథం) రూపంలో తీసుకోండి. సగటు త్వరగా కుదురుతుంది; 95వ శతాంశం (నూటికి 95 ఫలితాలు దాటని విలువ) కదలడం ఆగేదాకా రన్‌లు ఆపకండి.

ఎగువ డ్యామ్ నీటి విడుదల మారడం, పక్కన సాగు రావడం వంటి భవిష్యత్ పరిస్థితులను సగటులో కలపకండి. యురేనియం తాగునీటి పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటే సంభావ్యతను పరిస్థితివారీగా, మోడల్‌వారీగా విడివిడిగా నివేదికలో చూపండి.