నగరం నడిబొడ్డున బేస్‌బాల్ స్టేడియం కట్టడం ఎలా

అమెరికాలో ఒక బేస్‌బాల్ జట్టు పాత స్టేడియం వదిలి డౌన్‌టౌన్‌కు రావాలనుకున్నప్పుడు ఊరివాళ్ల కంట మొదట పడేది బొమ్మ. పచ్చని మైదానం, దాని వెనుక మెరిసే భవనాలు, వీధినిండా నవ్వుతూ నడిచే కుటుంబాలు. అరచేతిలో వైకుంఠం చూపించే ఆ బొమ్మ గీయడానికి అయ్యే ఖర్చు తక్కువ, దాన్ని చూశాక వెనక్కి తగ్గడం కష్టం. నిజానికి పని జరగవలసిన వరుస వేరు. ముందు స్థలం, తరువాత డబ్బు, ఆ తరువాత లీజు, ఈ మూడూ కాగితం మీద కుదిరాకే డిజైన్. ఈ వ్యాసం నగరం లేదా కౌంటీ (మన జిల్లా లాంటిది) తరఫున ఈ పని నడిపించేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినదే అయినా, పన్ను కట్టి, ఓటు వేయవలసిన పౌరుడు కూడా ఇదే వరుసలో ప్రశ్నలు అడగవచ్చు.

స్థలం

సుమారు నలభై వేల సీట్లున్న మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ) స్టేడియానికి ఎంత నేల కావాలన్నది మొదటి ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ జట్టు 2000లో ప్రారంభించిన స్టేడియం 13 ఎకరాల లోపు స్థలంలో ఉంది. మినియాపొలిస్‌లో ట్విన్స్ జట్టు కోసం కట్టి 2010లో తెరిచిన టార్గెట్ ఫీల్డ్ అయితే, ఒకవైపు రైలు పట్టాలు, ఇంకోవైపు హైవే, పక్కనే చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉండగా, సుమారు ఎనిమిదిన్నర ఎకరాల్లో ఇరుక్కుని నిలిచింది. కాబట్టి చిన్న స్థలంలో కట్టడం అసాధ్యమేమీ కాదు. కానీ నేల తగ్గేకొద్దీ కట్టడం పైకి పెరుగుతుంది, సరుకు లారీలు నిలిపే చోటు కూడా కష్టమవుతుంది, ఆ మేరకు ఖర్చూ పెరుగుతుంది.

నేల బేరం కుదరకముందే మైదానం కొలతలు అందులో పట్టించి చూడాలి. 1958 జూన్ 1 తరువాత కట్టే ప్రొఫెషనల్ మైదానాలలో కంచె, బ్యాటర్ నిలిచే హోమ్ ప్లేట్ నుంచి, రెండు ఫౌల్ లైన్ల (మైదానానికి ఇరుపక్కల హద్దు గీతలు) మీద కనీసం 325 అడుగులు, బ్యాటర్‌కు నేరుగా ఎదురుగా ఉండే సెంటర్ ఫీల్డ్‌లో కనీసం 400 అడుగుల దూరంలో ఉండాలని ఆట నియమాలు చెబుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కుడివైపు సముద్రపు పాయ అడ్డం రావడంతో కంచెను 309 అడుగుల దగ్గరే ఆపి, దానికి పరిహారంగా 24 అడుగుల ఎత్తు గోడ లేపారు. ఆ జట్టు మహా ఆటగాడు విల్లీ మేస్ జెర్సీ నంబరు కూడా 24 కావడంతో అభిమానులకు ఆ గోడ మీద ఫిర్యాదు లేకుండా పోయింది. కొలతలతో పాటు దిక్కు కూడా చూడాలి. హోమ్ ప్లేట్ నుంచి బంతి విసిరే పిచ్చర్ నిలిచే దిబ్బ మీదుగా రెండో బేస్‌కు గీసిన గీత తూర్పు, ఈశాన్యాల మధ్యకు చూస్తే మంచిదని నియమాలు సూచిస్తాయి. అలా ఉంటే సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్లలో పడదు, ఎదురెండ బాధ ఎక్కువగా కుడివైపు దూరంగా నిలిచే రైట్ ఫీల్డర్‌కు మిగులుతుంది. ఇది సూచనే గనుక అవసరాన్ని బట్టి కొంత పక్కకు తిప్పుకోవచ్చు. పిట్స్‌బర్గ్‌లో అలగేనీ నది అవతల ఉన్న డౌన్‌టౌన్ భవనాలు ప్రేక్షకులకు ఎదురుగా కనిపించేలా స్టేడియాన్ని అమర్చారు. అయితే సెంటర్ ఫీల్డ్ వెనుక ముదురు రంగు గోడ లేదా చెట్ల వరుస తప్పక ఉండాలి. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే తెల్లని బంతి గాజు భవనాల మెరుపులో కలిసిపోతే బ్యాటర్ ప్రాణానికే ముప్పు.

ఇక అసలు చిక్కు యజమానులతో వస్తుంది. డౌన్‌టౌన్‌లో పదెకరాల నేల ఒక్కరి పేరు మీద ఉండటం అరుదు. చిన్న దుకాణాలు, పాత గోదాములు, అద్దెకుండేవారు అందరితోనూ మాట్లాడాలి. బలవంతపు సేకరణకు చట్టం దారి ఇస్తుంది కానీ, ధర తేల్చేది కోర్టు. మినియాపొలిస్‌లో భూమి ధర అలాగే వివాదంలో పడి, మొదట అనుకున్నదాని కంటే బాగా పెరిగింది. అన్నిటికంటే ముఖ్యంగా, స్థలం ఏదో తేల్చకుండా ప్రజల దగ్గరకు వెళ్లకూడదు. కాన్సస్ సిటీ రాయల్స్ జట్టు క్రాస్‌రోడ్స్ ప్రాంతంలో స్టేడియం కడతామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఓటింగు ఏప్రిల్ 2న. తమ దుకాణం ఉంటుందో పోతుందో తెలుసుకోవడానికి అక్కడి వ్యాపారులకు రెండు నెలలు కూడా దొరకలేదు. 40 ఏళ్ల పాటు 0.375 శాతం అమ్మకపు పన్ను కోరిన ఆ ప్రతిపాదనను జాక్సన్ కౌంటీ ఓటర్లలో దాదాపు 58 శాతం మంది తిరస్కరించారు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్ స్టేడియం మరమ్మతులు కూడా ఆ ఓటుకే ముడిపడి ఉన్నాయి. ఆ జట్టు అప్పటికి రెండు నెలల క్రితమే ఆ ఆటలో ఆఖరి పోటీ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఊపు కూడా ప్రతిపాదనను గట్టెక్కించలేకపోయిందంటే కారణం ఆట మీద అయిష్టం కాదు.

డబ్బు

డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాబట్టాలి. జట్టు వాటా, ప్రజల వాటా అని రెండు అంకెలు చెప్పి ఊరుకుంటే చాలదు. ప్రజల వాటా ఏ పన్ను నుంచి వస్తుంది, ఎన్నేళ్లు వస్తుంది, ఆ పన్ను కట్టేవారెవరు అన్నది విప్పి చెప్పాలి. డెన్వర్ స్టేడియం కోసం ఆరు కౌంటీలు కలిసి 0.1 శాతం అమ్మకపు పన్ను వేసుకున్నాయి. క్లీవ్‌లాండ్‌లో మద్యం, సిగరెట్ల మీద వేశారు. మినియాపొలిస్ ఉన్న హెన్నెపిన్ కౌంటీ 0.15 శాతం, అంటే ఇరవై డాలర్ల కొనుగోలుకు మూడు సెంట్ల చొప్పున వేసింది. వినడానికి చిన్న మొత్తమే, కానీ ఆట ఎన్నడూ చూడనివారి బిల్లులో కూడా అది ఉంటుంది. ప్లిమత్, ఈడెన్ ప్రెయిరీ వంటి శివారు ఊళ్లలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు కూడా ఆ కౌంటీలోనివే. పైగా అక్కడ రాష్ట్ర శాసనసభ 2006లో చేసిన చట్టం ఈ పన్నుకు రెఫరెండం (ప్రజల ఓటు) అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. పని త్వరగా జరిగింది, అసంతృప్తి చాలాకాలం మిగిలింది.

బాండ్ల దగ్గర ఒక కేంద్ర చట్టం సంగతి తెలిసి ఉండాలి. 1986 పన్ను సంస్కరణ చట్టం ప్రకారం, ప్రైవేటు వ్యాపారం వాడుకునే కట్టడానికి స్థానిక ప్రభుత్వం పన్ను లేని బాండ్లు (వడ్డీ మీద ఆదాయపు పన్ను ఉండని అప్పు పత్రాలు) జారీ చేయాలంటే, ఆ అప్పు తీర్చడంలో ఆ కట్టడం నుంచి వచ్చే ప్రైవేటు సొమ్ము పది శాతానికి మించకూడదు. స్టేడియాలకు రాయితీలు ఆపాలన్నదే ఆ నిబంధన ఉద్దేశం. ఫలితం మాత్రం తిరగబడింది. వడ్డీ తగ్గుతుందన్న ఆశతో నగరాలు జట్టు దగ్గర అద్దె తక్కువ తీసుకుని, తొంభై శాతం భారం సాధారణ పన్నుల మీద వేసుకోవడం మొదలుపెట్టాయి. కాబట్టి పన్ను లేని బాండ్లు చవక అని సలహాదారు చెప్పినప్పుడు, ఆ చవక కోసం వదులుకునే అద్దె ఎంతో లెక్క కట్టి చూపమని అడగాలి.

అప్పు తీర్చే గడువు మీద కూడా కన్ను వేయాలి. మయామీ-డేడ్ కౌంటీ 2012లో తెరిచిన స్టేడియం కోసం తీసుకున్న అప్పుల్లో ఒకటి సుమారు 9.1 కోట్ల డాలర్లు. చెల్లింపులను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టడంతో వడ్డీ మీద వడ్డీ చేరి, 2040ల చివరికి అది తడిసి మోపెడై వంద కోట్ల డాలర్లు దాటుతుంది. స్టేడియం ఒప్పందం, ఆస్తి పన్ను పెంపు మీద రగిలిన కోపంతో ఆ కౌంటీ మేయర్‌ను 2011లో ఓటర్లు పదవి నుంచి దింపేశారు.

ప్రజల డబ్బు దాదాపు లేకుండా కట్టిన ఉదాహరణ కావాలంటే మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కోకే రావాలి. ఆ చుట్టుపక్కల నాలుగుసార్లు ఓటర్లు కాదన్నాక, జట్టు తన పద్ధతి మార్చుకుని, బ్యాంకు రుణం, పేరు హక్కుల (స్టేడియానికి కంపెనీ పేరు పెట్టే హక్కు) అమ్మకం, సీటు లైసెన్సుల (సీజన్ టికెట్లు కొనే హక్కుకు ముందే కట్టే రుసుము) సొమ్ముతో సుమారు 35.7 కోట్ల డాలర్ల స్టేడియం కట్టుకుంది. 1996లో ఓటర్లు ఒప్పుకున్నది ఈ పద్ధతికే. సంపన్న నగరం గనుక సాధ్యమైందన్న మాట నిజమే. కానీ ‘ప్రైవేటు డబ్బుతో కుదరదు’ అని జట్టు చెప్పినప్పుడు ఎందుకు కుదరదో అంకెలతో చూపించమని అడిగే హక్కు ఆ ఉదాహరణ వల్ల నగరానికి దక్కింది.

స్టేడియం వస్తే ఊరు బాగుపడుతుందన్న నివేదికలను నమ్మి లెక్కలు వేయకూడదు. ఈ విషయం మీద పరిశోధించిన ఆర్థికవేత్తల్లో అత్యధికులు, ఆటకు పెట్టే ఖర్చు అదే ఊళ్లో సినిమాకో, హోటల్ భోజనానికో పెట్టవలసిన ఖర్చే తప్ప కొత్త సొమ్ము కాదనే తేల్చారు. ఊరికి ఆట ఒక సంతోషం అనుకుని ఆ సంతోషానికి ఎంత పెట్టగలమో నిర్ణయించుకోవడం నిజాయితీ గల పద్ధతి అని నా అభిప్రాయం.

లీజు

స్టేడియం మంచిచెడ్డలు నిజంగా తేలేది ఈ కాగితంలోనే, కానీ అందరూ అలసిపోయాక, రాత్రికి రాత్రి ముగించేదీ ఇదే. అంచనా దాటిన నిర్మాణ ఖర్చు జట్టే భరిస్తుందని రాయించాలి. అప్పు తీరేలోగా జట్టు ఊరు వదలకూడదని, వదిలితే మిగిలిన బాకీ మొత్తం చెల్లించాలని ఉండాలి. సీజన్‌లో సొంత ఊళ్లో ఆటలు 81 మాత్రమే. మిగిలిన 284 రోజుల్లో జరిగే సంగీత కచేరీల ఆదాయం, పార్కింగ్ ఆదాయం ఎవరిదో స్పష్టంగా రాయాలి. లిఫ్టు మార్చడం, పైకప్పు కారితే బాగుచేయడం, పెద్ద తెర పాతబడితే కొత్తది పెట్టడం వంటివి ఎవరి ఖర్చో ఒక్కొక్కటిగా పేర్లతో జాబితా కట్టాలి. ‘పెద్ద మరమ్మతులు’ అని ఒక్క మాటలో వదిలేస్తే ఇరవై ఏళ్ల తరువాత ఆ మాట మీదే లాయర్లు బతుకుతారు. క్లీవ్‌లాండ్‌లో మద్యం, సిగరెట్ల పన్నును 2014లో మరో ఇరవై ఏళ్లు పొడిగించుకున్నది స్టేడియాల మరమ్మతుల కోసమే. బాల్టిమోర్ స్టేడియం అందరూ మెచ్చుకున్నదే అయినా, ముప్పై ఏళ్లు గడిచి కొత్త లీజు కుదిరేసరికి మేరీలాండ్ రాష్ట్రం దాని మరమ్మతులకు 60 కోట్ల డాలర్ల దాకా అప్పు తేవడానికి సిద్ధపడింది.

చుట్టూ హోటళ్లు, ఇళ్లు, దుకాణాలు కడతామన్న మాటకు తేదీ, జరిమానా రెండూ ఉండాలి. సెయింట్ లూయిస్‌లో కార్డినల్స్ స్టేడియం 2006లో తెరుచుకుంది. పక్కనే వస్తుందన్న బాల్‌పార్క్ విలేజ్ మొదటి దశ తెరుచుకున్నది 2014లో. ఆ ఎనిమిదేళ్లూ పాత స్టేడియం కూల్చిన నేల ఖాళీగానే కనిపించింది. శాన్‌డియాగోలో అలా కాకుండా, చుట్టూ అభివృద్ధి చేసే బాధ్యతను జట్టు యజమానికి మొదటి నుంచీ ముడిపెట్టారు. మధ్యలో కోర్టు కేసులతో పని ఏడాదికి పైగా నిలిచిపోయినా, 2004లో స్టేడియం తెరిచాక దాని చుట్టూ ఉన్న ఈస్ట్ విలేజ్ ప్రాంతం రూపురేఖలు మారాయి. ఎంత గట్టి ఒప్పందమైనా తుఫాను తట్టుకోవాలని కూడా గుర్తుంచుకోవాలి. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 130 కోట్ల డాలర్ల స్టేడియానికి 2024 జూలైలో అనుమతులు వచ్చాయి. అక్టోబరులో మిల్టన్ హరికేన్ పాత స్టేడియం కప్పు చించేసింది, బాండ్ల ఆమోదం వాయిదా పడింది, 2025 మార్చిలో జట్టు తప్పుకుంది. వాయిదా పడితే పెరిగిన ఖర్చు ఎవరిదన్న షరతు అందుకే అవసరం.

డిజైన్, నిర్మాణం

ఇప్పుడు బొమ్మ గీయించవచ్చు. డౌన్‌టౌన్ స్టేడియాలకు నేటికీ దారి చూపేది 1992 ఏప్రిల్ 6న తెరుచుకున్న బాల్టిమోర్ కామ్డెన్ యార్డ్స్. అక్కడ వెయ్యి అడుగులకు పైగా పొడవున్న పాత రైల్వే ఇటుక గోదామును కూల్చకుండా, దాన్నే రైట్ ఫీల్డ్ వెనుక తెరలా నిలుపుకున్నారు. మైదానాన్ని వీధి మట్టానికి 16 అడుగుల కిందికి దించడంతో బయటి నుంచి చూసేవారికి స్టేడియం కొండలా మీద పడదు. శాన్‌డియాగోలో 1909 నాటి వెస్టర్న్ మెటల్ కంపెనీ భవనం మూలకే పసుపు పట్టీ వేసి దాన్ని లెఫ్ట్ ఫీల్డ్ ఫౌల్ పోల్‌గా (హద్దు గీత చివర నిలిపే స్తంభంగా) వాడుకుంటున్నారు. ఉన్నదాన్ని కలుపుకున్న చోట స్టేడియం ఆ ఊరిదనిపిస్తుంది, అన్నీ చదును చేసిన చోట ఏ ఊరికైనా సరిపోయేలా తయారవుతుంది. పార్కింగ్ కోసం బ్లాకులకు బ్లాకులు కూల్చడం కంటే రైలు స్టేషను దగ్గర కట్టడం మేలు. టార్గెట్ ఫీల్డ్ పక్కనే లైట్ రైల్ ఆగుతుంది. గాలి ఎక్కువగా వీచే ఊరైతే నమూనాను గాలి సొరంగంలో పరీక్షించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేడియానికి డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆ పరీక్ష చేయించాకే దిశ ఖరారు చేశారు. అక్కడ రైట్ ఫీల్డ్ గోడ కింది కమానుల నుంచి దారిన పోయేవారు టికెట్ లేకుండా కాసేపు ఆట చూడవచ్చు. పన్ను కట్టే ఊరిలో ఇలాంటి ఏర్పాటు డిజైన్‌లో చేర్చమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

నిర్మాణంలో మిగతాదంతా ఏ పెద్ద కట్టడానికైనా ఒకటే. మైదానం మాత్రం వేరు. కింద కంకర, అందులో నీరు పోయే గొట్టాలు, పైన దాదాపు అడుగు మందాన ఇసుక, ఆపైన వేరే చోట పెంచి చుట్టలుగా తెచ్చిన గడ్డి. సీజన్ మార్చి చివర్లో మొదలవుతుంది గనుక, చలి ప్రాంతాల్లో ముందటి శరదృతువులోనే గడ్డి పరిస్తే వేరు పట్టడానికి సమయం దొరుకుతుంది. అంటే చుట్టూ సీట్ల పని మిగిలి ఉన్నా, మైదానం మీదికి క్రేన్లు రాకుండా కాంట్రాక్టర్‌తో తేదీ ముందే ఖాయం చేసుకోవాలి. తెరవడానికి ముందు అసలు జనంతో ఒకటి రెండు ప్రదర్శన ఆటలు ఆడించి గేట్ల దగ్గర వరుసలు, మెట్ల దగ్గర తోపులాట, క్యాంటీన్లలో నగదు యంత్రాలు చూసుకోవాలి. అంతకంటే ముందే, సిబ్బందినీ వాలంటీర్లనూ ఒక్కో మరుగుదొడ్డి దగ్గర నిలబెట్టి, ఒక్క సంకేతంతో అందరిచేతా ఒకేసారి ఫ్లష్ నొక్కించాలి. ఆట విరామంలో ఆ గొట్టాల మీద పడే ఒత్తిడి అంతే ఉంటుంది. లీకులు ఆ రోజే కనిపిస్తే కాంట్రాక్టర్ తన ఖర్చుతో బాగుచేస్తాడు, తాళాలు చేతికొచ్చాక కనిపిస్తే లీజులో ఎవరి పేరు రాసి ఉందో వెతుక్కోవలసి వస్తుంది.