సోల్ సంగీతం వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: స్టేపుల్ సింగర్స్ నాలుగు సీడీలు

గత పాఠాల్లో విడివిడి పాటలను తీసుకొని, వాటిలో బాస్ గిటార్ నడకను పట్టుకోవడం, చప్పట్లు రెండో, నాలుగో దెబ్బ మీద పడటాన్ని గమనించడం, ప్రధాన గాయని ఎక్కడ ఆగితే వంతలు ఎక్కడ అందుకుంటున్నారో గుర్తించడం సాధన చేశాం. ఈ పాఠంలో అంతకంటే పెద్ద పని పెట్టుకుందాం. ఒక బృందం ఇరవై ఏళ్ళకు పైగా పాడిన పాటలను ఒకేచోట కూర్చిన బాక్స్ సెట్‌ను ఎలా వినాలో నేర్చుకుందాం. ఇందుకు నేను ఎంచుకున్నది అమెరికాలోని నల్లజాతి గాయకుల కుటుంబ బృందమైన స్టేపుల్ సింగర్స్ పాటలతో 2015లో విడుదలైన ‘ఫెయిత్ అండ్ గ్రేస్: ఎ ఫ్యామిలీ జర్నీ 1953–1976’. అందులో నాలుగు సీడీలతో పాటు, వారి మొట్టమొదటి రికార్డును మళ్ళీ అచ్చంగా అలాగే ముద్రించిన చిన్న వినైల్ రికార్డు కూడా ఉంది.

ఇలాంటి సెట్ చేతికి రాగానే చాలామంది పేరుమోసిన రెండు మూడు పాటలు విని పక్కన పెట్టేస్తారు. అలా విన్నవారికి ఆ పాటలు మాత్రమే మిగులుతాయి తప్ప, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెవికి తెలియదు. అందువల్ల ఈ పాఠానికి ఒకటే నియమం పెట్టుకుందాం: పాటల వరుస మార్చకుండా వినాలి, ఒక్కోసారి ఒక్క అంశాన్నే వెంబడించాలి. సెట్ దొరకనివారు ఇక్కడ పేర్కొన్న పాటలను సంవత్సరాల క్రమంలో పేర్చుకొని వింటే సరిపోతుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినవద్దు. అందులో బాస్ గిటార్ దాదాపు వినిపించదు కాబట్టి ఈ పాఠంలో సగం అక్కడే పోతుంది.

ముందుగా మనుషులను పరిచయం చేసుకుందాం. తండ్రి రోబక్ స్టేపుల్స్ 1914లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టాడు. అందరూ ఆయనను పాప్స్ అని పిలిచేవారు. డాకరీ పత్తి తోటల్లో పెరుగుతూ, అక్కడే పాడుతుండే చార్లీ ప్యాటన్ బ్లూస్ గిటార్‌ను విని వాద్యం మీద మనసు పడ్డాడు. 1930వ దశకంలో షికాగో చేరి కూలిపనులు చేసుకుంటూ ఒక గాస్పెల్ (నల్లజాతి చర్చిల భక్తిగీతాలు) బృందంలో పాడాడు. ఆ బృందంలోని వారు సాధనకు సరిగా రాకపోవడంతో విసిగి, ఇంట్లో పిల్లలనే చుట్టూ కూర్చోబెట్టుకొని, గిటార్ మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క స్వరం మీటి చూపించి పాడించాడు. క్లియోథా, పెర్విస్, యవాన్, మేవిస్ – ఆ పిల్లలు వీరే. 1948లో షికాగోలోని ఒక చర్చిలో మొదలైన ఆ కుటుంబ గానం 1953లో తొలి రికార్డుగా వచ్చింది.

మొదటి విడత వినేటప్పుడు పాప్స్ గిటార్‌ను మాత్రమే వెంబడించండి. 1956 నాటి ‘అన్‌క్లౌడీ డే’ పాటతో మొదలుపెట్టండి. గిటార్ మీటిన తరువాత స్వరం నిలకడగా మోగకుండా, సన్నగా వణుకుతూ, నీటి మీద అల కదిలినట్టు పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. ఇది ట్రెమొలో. ఆంప్లిఫయర్‌లోని ఒక విద్యుత్ ఏర్పాటు ధ్వని తీవ్రతను క్రమం తప్పకుండా పెంచుతూ తగ్గిస్తూ ఉండటం వల్ల ఈ వణుకు పుడుతుంది. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవి దీన్ని వెంటనే గమకం అనుకునే ప్రమాదం ఉంది. గమకంలో స్వరస్థానమే కదులుతుంది, ఇక్కడ స్వరస్థానం కదలదు, శబ్దం హెచ్చుతగ్గులు మాత్రమే మారతాయి. ఈ తేడా పట్టుబడే వరకు ఆ పాట మొదటి అరనిమిషాన్ని మళ్ళీ మళ్ళీ వినండి. మిసిసిపీ బ్లూస్ చేతివేళ్ళు చర్చి పాటకు తోడుగా నిలిచిన విషయం మాటల్లో చెబితే అంతగా తెలియదు, ఆ అరనిమిషం వింటే తెలుస్తుంది.

రెండో విడతలో అదే పాటలో గొంతులను వినండి. ఇంకా ఇరవై ఏళ్ళు నిండని మేవిస్ గొంతు ఎంత లోతుగా ఉంటుందంటే, రేడియోలో విన్న చాలామంది ఆ పాడేది వయసు మీరిన మనిషి అనుకున్నారట. పెర్విస్ గొంతు మారినప్పుడు అతను పాడే భాగం ఆమెకు వచ్చింది. ఇప్పుడు వంతలను గమనించండి. మన బుర్రకథలో కథకుడి మాట పూర్తయ్యాక వంతలు అందుకుంటే, ఇక్కడ మిగతా గొంతులు ప్రధాన గళం కింద పరుచుకొని ఉంటాయి, ఆమె వాక్యం ముగియకముందే కదులుతాయి. ఈ గొంతుల మధ్య కావాలనే ఖాళీ వదిలారు. పియానో లేదు, పెద్ద వాద్యబృందం లేదు, ఆ ఖాళీలోనే గిటార్ వణుకు నిలుస్తుంది. నా అభిప్రాయంలో ఈ సెట్‌లో అత్యంత విలువైనవి ఈ తొలి పాటలే. తరువాతి పాటలను తూచడానికి ఇవే మనకు కొలబద్ద.

మూడో విడతలో 1960వ దశకం పాటల మాటల మీద దృష్టి పెట్టండి. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం విన్న తరువాత, ఆయన బోధించేదాన్ని తాము పాడగలమని పాప్స్ పిల్లలతో అన్నాడని మేవిస్ అనేకసార్లు చెప్పారు. ఆ నిర్ణయం ‘ఫ్రీడమ్ హైవే’లో నేరుగా వినిపిస్తుంది. 1965లో నల్లజాతి వారి ఓటుహక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీ వరకు సాగిన పాదయాత్ర కోసం రాసిన ఆ పాటను, ఆ ఏప్రిల్‌లోనే షికాగోలోని న్యూ నజరెత్ చర్చిలో జనం మధ్య రికార్డు చేశారు. అక్కడ చప్పట్లను ఎవరూ ఏర్పాటు చేయలేదు, అవి సభలోని వారివే. లిటిల్ రాక్ నగరంలో తెల్లవారి పాఠశాలలో అడుగుపెట్టనివ్వకుండా అడ్డుకోబడిన తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను తలచుకొని పాప్స్ రాసిన ‘వై యామ్ ఐ ట్రీటెడ్ సో బ్యాడ్’ను దీని పక్కన పెట్టి వినండి. అంతకుముందు పాటలు దేవుడిని సంబోధించేవి, ఇవి ఎదుట కూర్చున్న మనుషులను సంబోధిస్తాయి. గిటార్ మాత్రం అదే.

ఇక ఎక్కువ సమయం కేటాయించవలసిన భాగానికి వచ్చాం. 1968లో బృందం మెంఫిస్‌లోని స్టాక్స్ రికార్డుల సంస్థకు మారింది. నిర్మాత అల్ బెల్ వారిని అలబామాలోని మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోకు తీసుకువెళ్ళాడు. అక్కడి వాద్యకారులు – బాస్ గిటార్ మీద డేవిడ్ హుడ్, డ్రమ్స్ మీద రోజర్ హాకిన్స్, కీబోర్డు మీద బారీ బెకెట్ – బృందానికి అప్పటివరకు లేని ఒక గట్టి పునాదిని ఇచ్చారు. ముందుగా 1971 నాటి ‘రెస్పెక్ట్ యువర్‌సెల్ఫ్’ వినండి. మొదట పాప్స్ గొంతు మెల్లగా, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది, తరువాత మేవిస్ అందుకుంటుంది. తండ్రి నెమ్మదికీ కూతురి తీవ్రతకూ మధ్య ఉన్న తేడాయే ఆ పాటకు ప్రాణం.

ఆ తరువాత 1972లో అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన ‘ఐల్ టేక్ యూ దేర్’. హత్యకు గురైన తమ్ముడి అంత్యక్రియలు ముగిసిన రోజున, ఆ దుఃఖంలోనే తనకు ఈ పాట తట్టిందని అల్ బెల్ చెప్పాడు. దీన్ని మూడుసార్లు వినాలి. మొదటిసారి బాస్ గిటార్‌ను మాత్రమే వినండి. 1969లో జమైకాలో వచ్చిన ‘లిక్విడేటర్’ అనే వాద్య రికార్డు నుంచి తీసుకున్న ఆ నడక మీదనే పాట మొత్తం నిలబడి ఉంది. రెండోసారి కార్డులను, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులను, గమనించండి. పాట అంతటా తిరిగేవి రెండే కార్డులు. మూడో కార్డు వస్తుందేమోనని చెవి ఎదురుచూస్తుంది, అది రాదు, అందువల్ల మన దృష్టి అంతా మేవిస్ గొంతు మీదికి మళ్ళుతుంది. మూడోసారి మాటలను లెక్కపెట్టండి. కన్నీళ్ళు లేని, అబద్ధాలు లేని ఒక చోటు ఉందని చెప్పే కొద్దిపాటి మాటలు తప్ప చరణమనదగినది ఇందులో లేదు. మిగతాదంతా పిలుపు, దానికి జవాబు. మధ్యలో ఆమె పియానో వాయించే బారీని, బాస్ వాయించే డేవిడ్‌ను పేరుపెట్టి పిలుస్తుంది, పిలిచిన వాద్యం ముందుకు వస్తుంది. గిటార్ వంతు వచ్చినప్పుడు తండ్రిని పిలుస్తుంది గానీ, రికార్డులో అక్కడ వాయించినది ఎడ్డీ హింటన్. మీరు మొదటి విడతలో పాప్స్ వణుకును శ్రద్ధగా విని ఉంటే, ఈ గిటార్ ఆయనది కాదని ఎవరూ చెప్పకుండానే పట్టుకోగలరు.

ఈ పాటలు వచ్చినప్పుడు చర్చి వర్గాల్లో కొందరు బృందం గాస్పెల్‌ను వదిలేసిందని ఆక్షేపించారు. నాలుగు సీడీలను వరుసగా విన్నవారికి ఆ మాట నిలబడదని నేను గట్టిగా నమ్ముతాను. పిలుపు–జవాబు పద్ధతి, గొంతుల అమరిక, మేవిస్ మూలుగులు అన్నీ 1956 నాటివే. మారినది వాటి కింద ఉన్న డ్రమ్స్, బాస్. 1975లో కర్టిస్ మేఫీల్డ్ రాసిన ‘లెట్స్ డూ ఇట్ అగైన్’ విషయంలో మాత్రం ఆక్షేపణలో కొంత బలం ఉంది. ఆ శృంగార గీతాన్ని పాడటానికి పాప్స్ మొదట ఒప్పుకోలేదు. చివరకు పాడారు, అది కూడా మొదటి స్థానానికి చేరింది. కానీ పాటలో గొంతుల మెత్తదనం తప్ప తొలినాటి ఖాళీ నాకు వినిపించదు.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన సాధన: ‘అన్‌క్లౌడీ డే’, ‘ఫ్రీడమ్ హైవే’, ‘ఐల్ టేక్ యూ దేర్’ పాటలను ఒకదాని వెంట ఒకటి విని, ప్రతి పాటలో మేవిస్ మొదటిసారి ఏ నిమిషం, ఏ సెకనులో ప్రవేశిస్తుందో, ఆ క్షణంలో ఆమె గొంతు కింద ఏయే వాద్యాలు ఉన్నాయో నోటుపుస్తకంలో రాసుకోండి. వాద్యం పేరు తెలియకపోతే ఆ శబ్దం ఎలా ఉందో మీ మాటల్లోనే రాయండి. వచ్చే పాఠంలో ఆ నోట్సును ముందు పెట్టుకొని, రోజర్ హాకిన్స్ డ్రమ్స్‌ను విడిగా వినడం మొదలుపెడదాం.