బోరు మోటారు ఉన్నా కొళాయిలో ధార సన్నబడితే: పైపులు పైకి లాగక ముందే లోపం పట్టుకోవడం

కొళాయి పూర్తిగా తిప్పినా ధార సన్నగా వస్తోందంటే చాలామందికి ముందు అనుమానం మోటారు మీదికే పోతుంది. మనుషుల్ని పిలిపించి పైపులన్నీ లాగిస్తారు. మోటారు బాగానే ఉందని తేలుతుంది, మళ్లీ దింపుతారు, ధార మాత్రం అలాగే ఉంటుంది. పైపులు లాగడం అన్నిటికన్నా చివర చెయ్యాల్సిన పని. ఒక ప్రెషర్ గేజ్, బకెట్టు, గడియారం, వైరు విప్పకుండా కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంటే లోపం నేల మీద ఉందో, బోరులో ఉందో, మోటారులోనే ఉందో ముందే తేల్చుకోవచ్చు.

విప్పే పని ఏదైనా సరే, ముందు మెయిన్ స్విచ్ ఆపి టెస్టరుతో కరెంటు లేదని చూసుకోండి. ప్యానెల్ బోర్డులోని కెపాసిటర్‌లో కరెంటు ఆపిన తర్వాత కూడా చార్జ్ మిగిలి ఉంటుంది. దాన్ని డిశ్చార్జ్ చెయ్యకుండా ముట్టుకోకూడదు. కరెంటు ఉండగా కొలవాల్సిన రీడింగులు ఎలక్ట్రీషియన్ చేతనే తీయించండి.

ఇల్లంతా తగ్గిందా, ఒక్కచోటేనా?

ఒక్క కొళాయిలోనే తగ్గితే మోటారు జోలికి పోనక్కర్లేదు. కొళాయి మూతి దగ్గర ఉండే జల్లెడ విప్పండి. ఇసుక, తుప్పు రేకులు, సున్నపు పొర దానిలోనే పేరుకుంటాయి. సున్నం పట్టిన జల్లెడని వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే చాలు. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే గీజరుకి వెళ్లే వాల్వ్, గీజరు లోపలి సున్నం చూడాలి.

బోరు నుంచి మిద్దె మీది ట్యాంకుకి ఎక్కించి అక్కణ్ణుంచి వాడుకునే ఇంట్లో, కొళాయి ప్రెషర్‌కీ మోటారుకీ సంబంధమే లేదు. అక్కడ ప్రెషర్ ఇచ్చేది ఎత్తు ఒక్కటే. ట్యాంకులో నీటి మట్టం కొళాయి కన్నా 1 మీటరు పైనుంటే సుమారు 0.1 బార్ వస్తుంది. 3 మీటర్లుంటే 0.3 బార్, అంటే 4 పీఎస్‌ఐ పైచిలుకు (బార్, పీఎస్‌ఐ రెండూ ప్రెషర్ కొలతలే). పై అంతస్తు షవర్‌కి అది చాలదు. మోటారు ఎంత పెద్దది పెట్టినా ట్యాంకు తొందరగా నిండుతుందంతే. ట్యాంకు ఎత్తు పెంచాలి, కిందికి దిగే పైపు లావు పెంచాలి, లేదా ట్యాంకు తర్వాత ప్రెషర్ పెంచే చిన్న బూస్టర్ పంపు పెట్టాలి. ట్యాంకు నిండటానికే ముందుకన్నా ఎక్కువసేపు పడుతుంటే మాత్రం కింద చెప్పే బకెట్టు, కరెంటు పరీక్షలు ఈ ఇంటికీ పనికొస్తాయి.

ఇక్కణ్ణుంచి చెప్పేదంతా ప్రెషర్ ట్యాంకు, ప్రెషర్ స్విచ్ ఉండి మోటారు నేరుగా కొళాయిలకి నీళ్లిచ్చే ఇళ్ల గురించి.

గేజ్‌ని నమ్మే ముందు గేజ్‌నే పరీక్షించండి

నీళ్లన్నీ వదిలేశాక ముల్లు సున్నాకి రాకపోతే ఆ గేజ్ పోయినట్టే. 0 నుంచి 100 పీఎస్‌ఐ వరకు కొలిచే కొత్తది, టెఫ్లాన్ టేపు చుట్టి, ప్రెషర్ ట్యాంకు పక్కనే బిగించండి. తర్వాత ఇంట్లో రెండు కొళాయిలు తెరిచి ముల్లు కదలిక చూడండి.

గేజ్ 45, 50 చూపిస్తూనే కొళాయిలో ధార సన్నగా ఉంటే మోటారు తన పని తాను చేస్తోంది. అడ్డం గేజ్ తర్వాత ఎక్కడో ఉంది. సాధారణంగా అది ఫిల్టరే. ఫిల్టరుని తప్పించే బైపాస్ దారి ఉంటే తిప్పి చూడండి. లేకపోతే కార్ట్రిడ్జ్ తీసేసి, గిన్నె మళ్లీ బిగించి చూడండి. ధార ఒక్కసారిగా పెరిగితే లోపం దొరికింది. ఫిల్టరుకి ముందూ వెనకా రెండు గేజ్‌లుంటే ఇంకా సులువు, నీళ్లు పారుతుండగా తేడా 10 పీఎస్‌ఐ దాటితే కార్ట్రిడ్జ్ మార్చాలి. నీళ్లలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్‌ని కూడా ఇలాగే బైపాస్ చేసి చూడాలి. రెండూ కాకపోతే గేట్ వాల్వ్ అనుమానించండి. లోపలి బిళ్ల కాడ నుంచి ఊడిపోతే చక్రం పైకి ఎంత తిరిగినా బిళ్ల కిందే ఉండిపోతుంది, బయటికి వాల్వ్ తెరిచినట్టే కనిపిస్తుంది. పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపుల్లో తుప్పు గడ్డకట్టి దారి పెన్సిలంత సన్నమైపోవడమూ ఉంది. దానికి పైపు మార్చడం తప్ప మందు లేదు.

గేజే తక్కువ చూపిస్తుంటే ముందు ట్యాంకు, స్విచ్ చూడాలి.

ప్రెషర్ ట్యాంకు

ట్యాంకులో ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క గాలి, మధ్యలో రబ్బరు బ్లాడర్ ఉంటాయి. నొక్కుకుపోయిన గాలి తోస్తేనే మోటారు ఆగి ఉన్నప్పుడు కూడా కొళాయిలో నీళ్లొస్తాయి. ఆ గాలి సరిగ్గా ఉందో లేదో కొలవాలంటే మోటారు ఆపి, కింది కొళాయి తెరిచి, గేజ్ సున్నాకి వచ్చేదాకా నీళ్లన్నీ వదలాలి. ఇది వదిలేసి కొలిచేవాళ్లు చాలామంది. ట్యాంకులో నీళ్లుండగా కొలిస్తే కనిపించేది నీళ్ల ప్రెషరే, గాలి ఎంత నింపారో తెలియదు.

ట్యాంకు నెత్తిన చిన్న మూత కింద కారు టైరుకుండే వాల్వే ఉంటుంది. టైరు గేజ్‌తో కొలవండి. మోటారు ఆన్ అయ్యే ప్రెషర్ కన్నా గాలి 2 పీఎస్‌ఐ తక్కువ ఉండాలి. 30 దగ్గర ఆన్, 50 దగ్గర ఆఫ్ అయ్యే స్విచ్‌కి 28. 40/60 స్విచ్‌కి 38. తగ్గితే పంపుతో కొట్టండి, ఎక్కువైతే పిన్ను నొక్కి వదలండి. పిన్ను నొక్కినప్పుడు గాలికి బదులు నీళ్లు చిమ్మితే బ్లాడర్ చిరిగింది. అప్పుడు బ్లాడర్ అయినా మార్చాలి, ట్యాంకైనా మార్చాలి.

గాలి తప్పిందని గేజ్ ముల్లే చెబుతుంది. గాలి లేని ట్యాంకైతే కొళాయి తెరిచిన కొద్ది సెకన్లలోనే ముల్లు 50 నుంచి 30కి పడిపోయి, మోటారు టకటకా ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ధార కూడా పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. ఇలా వదిలేస్తే మోటారు వైండింగు, స్విచ్ కాంటాక్టులు త్వరగా కాలిపోతాయి. అదే గాలి మరీ ఎక్కువైతే, మోటారు అందుకునేలోపే ట్యాంకు ఖాళీ అయిపోయి ధార ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తుంది.

ప్రెషర్ స్విచ్

స్విచ్‌కి ప్రెషర్ అందించే సన్నటి నిపుల్, పావు అంగుళం గొట్టం, తరచుగా తుప్పుతో, బురదతో మూసుకుపోతుంది. అప్పుడు స్విచ్‌కి పైపులో జరిగేది ఆలస్యంగా తెలుస్తుంది, మోటారు ఎప్పుడో ఆన్ అవుతుంది. కరెంటు ఆపి, నీళ్లు వదిలేసి, స్విచ్ విప్పి, నిపుల్‌లో సన్న తీగ ఆడించి శుభ్రం చెయ్యండి. తుప్పు బాగా పడితే కొత్త నిపుల్ వెయ్యడమే నయం. కాంటాక్టులు నల్లబడి గుంటలు పడితే గరుకు కాగితంతో రుద్దడం నాలుగు రోజుల ముచ్చటే, స్విచ్ మార్చండి.

మూత కింద పెద్ద స్ప్రింగు మీదున్న నట్టు బిగిస్తే ఆన్, ఆఫ్ ప్రెషర్లు రెండూ పెరుగుతాయి. ఒక పూర్తి చుట్టుకి సుమారు 2 నుంచి 3 పీఎస్‌ఐ. చిన్న నట్టు ఆ రెంటి మధ్య తేడాని మారుస్తుంది, దాన్ని కదపకుండా ఉంటే మంచిది. పెద్ద నట్టు ఒక్కో చుట్టే తిప్పి, మోటారు ఆడించి గేజ్ చూడండి. ఆన్ ప్రెషర్ మార్చిన ప్రతిసారీ ట్యాంకు గాలి కూడా దానికి తగ్గట్టు సర్దాలి.

ప్రెషర్ తగ్గిందని కారణం చూడకుండా నట్టు బిగించడం మాత్రం ప్రమాదం. ఆఫ్ ప్రెషర్‌ని మోటారు అందుకోలేకపోతే అది ఎప్పటికీ ఆగదు. ఎవరూ నీళ్లు వాడకపోయినా కదలని నీళ్లలో తిరుగుతూ వేడెక్కి కాలిపోతుంది.

బకెట్టు, క్లాంప్ మీటరు

ట్యాంకూ స్విచ్చూ బాగున్నా గేజ్ లేవకపోతే మోటారు ఎన్ని నీళ్లిస్తోందో కొలవాలి. ట్యాంకు దగ్గరి కొళాయి పూర్తిగా తెరిచి, మోటారు ఆగకుండా నడుస్తూ గేజ్ ఒకచోట నిలిచాక, 20 లీటర్ల బకెట్టు నిండటానికి ఎన్ని సెకన్లో చూడండి. 40 సెకన్లయితే నిమిషానికి 30 లీటర్లు. 20 నిమిషాలు వదిలి మళ్లీ కొలవండి. మొదట బాగా వచ్చి తర్వాత తగ్గి, గాలి బుడగలతో తుస్సుమంటూ వస్తే బోరులో నీళ్లు అడుగంటుతున్నాయి. మొదటి నుంచీ ఒకేలా తక్కువగా ఉంటే మోటారు, పైపు, వాల్వ్‌లలో ఏదో ఒకటి.

అదే సమయంలో ప్యానెల్ దగ్గర వోల్టేజీ, ఒక వైరు మీద కరెంటు కొలిపించండి. మోటారు నడుస్తుండగా వోల్టేజీ నేమ్ ప్లేటు మీద ఉన్నదానికి 10 శాతం లోపు తేడాలో ఉండాలి. ఆగినప్పుడు బాగుండి, నడిచేటప్పుడు బాగా పడిపోతుంటే సన్న కేబులు, వదులైన జాయింటు, కాలిన కాంటాక్టు వెతకాలి.

కరెంటు నేమ్ ప్లేటు కన్నా బాగా తక్కువ, నీళ్లూ తక్కువ అయితే మోటారు మీద భారం పడటం లేదు: నీటి మట్టం దిగింది, నీళ్లని తోసే చక్రాలు, అంటే ఇంపెల్లర్లు, అరిగాయి, మోటారు జల్లెడ మూసుకుపోయింది, లేదా షాఫ్ట్ కప్లింగు తెగింది. కరెంటు ఎక్కువ, నీళ్లు తక్కువ అయితే లోపల ఇసుక పట్టింది, బేరింగు పోయింది, లేదా వోల్టేజీ తక్కువ. కరెంటు మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉండి నీళ్లు పైకి రాకపోతే, మోటారు తోసిన నీళ్లు మధ్యలో చిల్లు పడిన పైపులోంచి బోరులోకే పోతున్నాయి.

సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతూ ఆలస్యంగా అందుకుంటుంటే కెపాసిటర్ కొలవండి. దాని మీద రాసిన విలువ కన్నా, అక్కడే ఇచ్చిన శాతం దాటి తగ్గితే మార్చాలి. త్రీ ఫేజ్ మోటారు ఈమధ్యే కనెక్షన్ మార్చాక ధార తగ్గిందంటే అది తిరగబడి తిరుగుతూ ఉండొచ్చు. ఏవైనా రెండు ఫేజులు మార్చి చూడండి, ఎక్కువ నీళ్లిచ్చేదే సరైన దిశ.

లీకు ఎక్కడుందో చూసే పరీక్ష

మోటారు పూర్తి ప్రెషర్‌కి వచ్చి ఆగాక మెయిన్ ఆపండి. ఇంట్లోకి వెళ్లే వాల్వ్ మూసి, అరగంట గేజ్ చూడండి. ముల్లు పడిపోతే నీళ్లు బోరు వైపే పోతున్నాయి: నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పట్టడం లేదు, లేదా భూమిలోని పైపో బోరు లోపలి పైపో కారుతోంది. ముల్లు కదలకుండా ఉండి, వాల్వ్ తెరిచాక పడితే లీకు ఇంట్లోనే. ముందుగా టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులు చూడండి.

మోటారు సత్తా ఎంత మిగిలింది?

పైపులు లాగాలో వద్దో తేల్చేది ఈ లెక్కే. మోటారు పట్టికలో నీళ్లు బయటికి పోకుండా మూసినప్పుడు వచ్చే గరిష్ఠ హెడ్, అంటే నీళ్లని ఎత్తగలిగే ఎత్తు, ఇస్తారు. అది 70 మీటర్లు, నీటి మట్టం గేజ్ నుంచి 40 మీటర్ల కిందుందనుకుందాం. మిగిలేది 30 మీటర్లు, అంటే సుమారు 43 పీఎస్‌ఐ. ప్రతి పీఎస్‌ఐకీ 0.7 మీటర్లు. ఇలాంటి బోరు మీద 40/60 స్విచ్ పెడితే కొత్త మోటారైనా 60 చేరలేదు. కొళాయిలన్నీ మూసి, ఒక నిమిషం మించకుండా మోటారు నడిపి గేజ్ ఎంతకి లేచిందో చూడండి. ఆ వెంటనే నీటి మట్టం కూడా కొలవండి, ఎండాకాలం మట్టం వానాకాలం లెక్కకి పనికిరాదు. గేజ్ 43 దగ్గరికి వస్తే మోటారు బాగుంది. 25 దగ్గరే నిలిచిపోతే ఇంపెల్లర్లు అరిగాయి, లేదా లోపలి పైపుకి చిల్లు పడింది. అప్పుడు లాగించండి.

మట్టం కొలిచే టేపుని ముందు బ్లీచింగు నీళ్లతో కడగాలి. కేబులుకి చుట్టుకోకుండా నెమ్మదిగా దించాలి.

బోరులో నీళ్లే తగ్గితే పెద్ద మోటారు వెయ్యడం వల్ల నష్టమే. అది ఉన్న నీళ్లని ఇంకా తొందరగా లాగేసి గాలి మింగుతుంది. డెలివరీ వాల్వ్ కొంచెం మూసి, బోరు ఊరే వేగానికి ధారని తగ్గించండి. ఖాళీగా తిరగకుండా ఆపే డ్రై రన్ రక్షణ పెట్టించి, వచ్చినన్ని నీళ్లు సంపులో నింపుకుని అక్కణ్ణుంచి బూస్టర్‌తో వాడుకోండి. మోటారుని ఇంకా కిందికి దించొచ్చు కానీ, ఎంత దించినా దానివల్ల ప్రెషర్ పెరగదు. ఇసుక లాగకుండా బోరు అడుగుకి కొన్ని మీటర్ల పైనే ఆపాలి.

నేల మీద పెట్టే పంపు

బయట ఉండి పీల్చే పంపు 7, 8 మీటర్ల లోతు మించి లాగలేదు. గాలి పీడనం ఎత్తగలిగేది సిద్ధాంతపరంగానే 10 మీటర్ల పైచిలుకు. దీనిలో ప్రెషర్ తగ్గితే ముందు పీల్చే పైపు జాయింట్లు చూడండి. అక్కడ లీకైతే బయటికి నీళ్లు కారవు, లోపలికి గాలి పోతుంది. కనిపెట్టడానికి జాయింట్ల మీద సబ్బు నురగ రాయండి, నడుస్తున్నప్పుడు నురగ లోపలికి గుంజుకుపోయినచోటే లోపం. పీల్చే పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ పట్టకపోతే ఆగిన ప్రతిసారీ నీళ్లు దిగిపోయి మళ్లీ నీళ్లు పోయాల్సి వస్తుంది.

పైకి లాగాల్సి వస్తే

కేబులు పట్టి ఎప్పుడూ లాగకూడదు. లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లున్న పైపు 60 మీటర్లు నిండుగా ఉంటే నీళ్ల బరువే 48 కిలోలు, దానికి పైపు, మోటారు, కేబులు బరువు కలుస్తుంది. చెయిన్ పుల్లీ, పైపు పట్టే క్లాంపులు ఉన్నవాళ్లనే పిలవండి. ఎలాగూ తీస్తున్నారు కాబట్టి నాన్ రిటర్న్ వాల్వ్, కేబులు జాయింటు కూడా మార్పించండి, వైండింగు ఇన్సులేషన్ మెగ్గర్ అనే మీటరుతో కొలిపించండి. ఇంపెల్లర్ల అంచులు ఇసుకతో కత్తిలా పలచబడి ఉంటే, కారణం చూడకుండా కొత్తవి వేసినా మళ్లీ అరుగుతాయి. బోరులో దించిన కేసింగు పైపు పగిలిందా, మోటారు అడుగుకి మరీ దగ్గరగా వేలాడుతోందా అని చూడాలి. దించాక లోతు, నీటి మట్టం, కరెంటు, మూసి చూసిన ప్రెషర్, బకెట్టు సెకన్లు ప్యానెల్ తలుపు లోపల తేదీతో రాసి పెట్టండి.