పెంపుడు కుక్క మాట వినడం లేదా? లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

పెంపుడు కుక్క మనకు నచ్చని పని చేయగానే మొండి, పొగరు, పగబట్టింది అన్న మాటలు సులువుగా నోట వస్తాయి. ఆ మాట అనుకున్న క్షణంలోనే కారణం వెతకడం ఆగిపోతుంది. అందుకే సమస్య ఏదైనా సరే, ముందు ఒక వారం పాటు కాగితం మీద మూడు గడులు గీసి రాయమని నేను గట్టిగా చెబుతాను: ఆ పనికి నిమిషం ముందు ఏం జరిగింది, కుక్క సరిగ్గా ఏం చేసింది, చేసిన వెంటనే దానికి ఏం దక్కింది. చాలావరకు జవాబు మొదటి గడిలోనో మూడో గడిలోనో దొరుకుతుంది. అయితే ఇన్నాళ్ళూ బాగున్న కుక్క ఉన్నట్టుండి మారిపోతే శిక్షణ సంగతి పక్కనపెట్టి ముందు పశువైద్యునికి చూపించాలి. కీళ్ళ నొప్పి, చెవిపోటు, పంటి నొప్పి ఉన్న కుక్క ఎంత నెమ్మదైనదైనా తాకబోతే గుర్రుమనవచ్చు.

ఇంట్లో మూత్రం పోస్తోంది

మొదట వయసు చూడాలి. కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చే గంటలే అది మూత్రం ఆపుకోగల గరిష్ఠ సమయమన్నది ఉజ్జాయింపు లెక్క. అంటే మూడు నెలల పిల్ల నాలుగు గంటలకు మించి ఆపుకోలేదు, ఆటలో ఉంటే అంతసేపు కూడా ఆగదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆట ముగియగానే బయటకు తీసుకువెళ్ళాలి. పని కానిచ్చిన చోటే, రెండు మూడు సెకన్లలోపే, ఇష్టమైన తిండి ముక్క ఒకటి నోటికి అందించాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే అది ఇంట్లోకి వచ్చినందుకు దక్కిన బహుమానమే అవుతుంది.

అలవాటు పడిన పెద్ద కుక్క మళ్ళీ ఇంట్లో పోస్తుంటే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, మధుమేహం, కిడ్నీ జబ్బులలో ఏదైనా కారణం కావచ్చు. మనం ఇంటికి రాగానే ఒళ్ళు కుదించుకుని, చెవులు వెనక్కి వాల్చి కాస్త మూత్రం జార్చే కుక్కది అలవాటు లోపం కాదు; అది భయభక్తులతో కూడిన పలకరింపు. దాన్ని తిడితే ఇంకా ఎక్కువ పోస్తుంది. దాని మీదికి వంగకుండా, కళ్ళలోకి చూడకుండా, పక్కకు తిరిగి కింద కూర్చుని అది తనంతట తాను దగ్గరకు వచ్చేదాకా ఆగితే చాలా కుక్కపిల్లలు ఎదిగే కొద్దీ దీన్ని మానేస్తాయి. తడిసిన చోటును ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో కడగాలి, ఎందుకంటే మామూలుగా కడిగితే మన ముక్కుకు పోయిన వాసన దాని ముక్కుకు పోదు. అమోనియా ఉన్నవి వాడితే అక్కడ మూత్రపు వాసన మరింత నిలుస్తుంది. మూతిని ఆ తడిలో రుద్దడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మన కంటపడకుండా మంచం కింద పోయడం.

ఒంటరిగా వదిలితే ఇల్లంతా పీకి పెడుతోంది

ఇక్కడ రెండు వేర్వేరు కారణాలకు ఫలితం ఒకేలా కనిపిస్తుంది కాబట్టి ఊహించడం మాని, ఫోన్ కెమెరాను ఒక మూల పెట్టి వెళ్ళి రికార్డింగ్ చూడాలి. కాసేపు పడుకుని, లేచి, తీరిగ్గా చెప్పులు కొరికే కుక్కకు తోచడం లేదని అర్థం. దానికి ఉదయం నడక పెంచి, నమలడానికి తగిన వస్తువులు ఇచ్చి, వాసన పట్టి తిండి వెతుక్కునే పని కల్పిస్తే సరిపోతుంది. తలుపు మూసిన మొదటి అరగంటలోనే గుమ్మాన్ని గోకుతూ, చొంగ కారుస్తూ, ఊళపెడుతూ, ఇష్టమైన తిండిని కూడా ముట్టని కుక్కది మాత్రం విడిచివెళ్తారన్న ఆందోళన.

ఈ ఆందోళనకు విరుగుడు, ఒంటరితనాన్ని చాలా చిన్న మోతాదుల్లో అలవాటు చేయడమే. కుక్క మనం తలుపు దాటినప్పుడు కాదు, తాళంచెవులు గలగలమన్నప్పుడే వణకడం మొదలుపెడుతుంది. కాబట్టి ఎక్కడికీ వెళ్ళకుండానే తాళంచెవులు రోజుకు పదిసార్లు తీసి పెట్టాలి, చెప్పులు వేసుకుని కుర్చీలో కూర్చోవాలి. అవి దానికి పట్టనివి అయిపోయాక తలుపు బయట ఐదు సెకన్లు, తరువాత పదిహేను, తరువాత నిమిషం చొప్పున పెంచాలి. కుక్క కంగారుపడిందంటే మనం తొందరపడ్డామని అర్థం. వెనక్కి తగ్గి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ వారాలలో దాన్ని పూర్తిగా ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరు ఉండేలా చూసుకోవడం కష్టమే అయినా తప్పదు. తీవ్రమైన కేసుల్లో పశువైద్యుడు మందులు రాయవచ్చు, అందులో సంకోచించవలసింది ఏమీ లేదు.

తిరిగివచ్చి తిట్టడం ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. "తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి" అంటుంటారు. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ దొంగచూపుకు సంబంధం కనిపించలేదు. యజమాని మందలించినప్పుడే అది ఎక్కువైంది. అది మన కోపానికి జవాబే గాని పశ్చాత్తాపం కాదు.

గిన్నె దగ్గర గుర్రుమంటోంది

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది, అన్నిటికంటే ఎక్కువ తప్పుగా సరిదిద్దేది ఇదే. మా కుక్కలో దీన్ని నేను మొదట చూసింది శబ్దంలో కాదు, నిశ్శబ్దంలో. గబగబా తింటున్నది కాస్తా నేను రెండడుగుల దూరానికి రాగానే నమలడం ఆపింది. తల ఎత్తలేదు, భుజాలు బిగుసుకున్నాయి, కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనబడింది. నేను ఆగలేదు. గుర్రుమనడం ఆ తరువాతే వినిపించింది. అంటే అది నాకు అప్పటికే మూడుసార్లు చెప్పింది, నేను ఒక్కటీ చదువుకోలేదు.

గుర్రుమనడం కరవడానికి ముందు ఇచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే భయం అలాగే ఉండి హెచ్చరిక మాత్రం పోతుంది. "చెప్పకుండా కరిచింది" అనిపించుకున్న కుక్కల్లో చాలావాటికి చెప్పడం మనుషులే మాన్పించి ఉంటారు. గిన్నె లాక్కుని "నాయకుడెవరో" తెలియజెప్పాలన్న సలహా బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి చేసిన పాత పరిశీలనల నుంచి వచ్చింది. ఆ మాటకు ప్రచారం తెచ్చినవారిలో ఒకరైన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్ తానే 1999లో ప్రచురించిన వ్యాసంలో, అడవిలోని తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లిదండ్రులు, పిల్లలు కలిసిన కుటుంబమే గాని నాయకత్వం కోసం పోట్లాడుకునే గుంపు కాదని వివరించాడు.

చేయవలసింది ఇది. కుక్క ఏ బిగువూ లేకుండా తింటూనే ఉండే దూరం కనిపెట్టాలి; అది మూడు మీటర్లు కావచ్చు. అక్కడి నుంచి గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్కను దాని వైపు విసిరి వెనక్కి వెళ్ళిపోవాలి. మనం వస్తే తిండి పోదు, ఇంకా మంచిది వస్తుందని నమ్మకం కుదిరాక, అంటే మనల్ని చూసి తల ఎత్తి తోక వదులుగా ఊపడం మొదలుపెట్టాక, అర అడుగు దగ్గరకు జరగాలి. నోట్లో పట్టుకున్న వస్తువును లాగకుండా, రుచైన ముక్క ఇచ్చి మార్పిడి చేయాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే కుక్క తినేటప్పుడు గది తలుపు వేసి ఉంచాలి. ఈ శిక్షణ పిల్లలచేత చేయించకూడదు. ఇప్పటికే కరిచి ఉంటే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. ఆపైన అనుభవమున్న శిక్షకుని సాయం తీసుకోవాలి.

కుక్కపిల్ల మన చేతులు కొరుకుతోంది, మీదికి ఎగురుతోంది

28 పాలపళ్ళు ఊడి 42 శాశ్వత దంతాలు వచ్చే దాకా, అంటే సుమారు ఏడు నెలల వయసు వరకు, కొరకడం సహజం. చెయ్యి వెనక్కి లాగితే అది ఆట అనుకుంటుంది. కదలకుండా నిలబడి నమిలే బొమ్మ అందించాలి. మీదికి ఎగిరే కుక్కకు తోసివేయడం కూడా పలకరింపే. నాలుగు కాళ్ళూ నేలమీద ఉన్నప్పుడే దాన్ని పట్టించుకోవాలి. పట్టించుకోవడం మానిన మొదటి రోజుల్లో ఎగరడం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఒకరు జాలిపడి ముద్దుచేస్తే అది గట్టిగా ఎగిరితేనే పని జరుగుతుందని నేర్చుకుంటుంది.

పిలిస్తే రావడం లేదు

కాగితంలోని మూడో గడి చూడండి. పిలిచిన ప్రతిసారీ దానికి స్నానమో, గోళ్ళు కత్తిరించడమో, ఆట ఆపి ఇంటికి పోవడమో దక్కి ఉంటుంది. ఆ పిలుపు పాడైపోయింది కనుక కొత్త మాట ఎంచుకోవాలి. మొదట గదిలోనే, ఏ ఆకర్షణా లేనప్పుడు, ఆ మాట ఒక్కసారే అని, రాగానే ముక్క పెట్టాలి. తరువాత పొడవాటి తాడు కట్టి ఆరుబయట చేయాలి. పిలిచిన పదిసార్లలో తొమ్మిదిసార్లు ముక్క పెట్టి మళ్ళీ ఆటకు వదిలేయాలి. స్నానం చేయించాల్సి వచ్చినప్పుడు మాత్రం పిలవకుండా మనమే లేచి దాని దగ్గరకు వెళ్ళాలి.